ఈ అంచు నేను నేసింది కాదు

బరంపురం, నేతగాళ్ళ వీధి.
మంగళవారం, శుక్రవారం
పొద్దున్న ఏడింటికల్లా సంచి దించుతాను.
సెలైన్ సీసా, గాజుగుడ్డ, కత్తెర,
ఒక చిన్న అద్దం.
"ఒచ్చీసినావా" అంటాడు దండాసి తాత
ముక్కాలిపీట మీద కాలు చాపి,
ఎవరిదో వస్తువు నాకు అప్పగిస్తున్నట్టు.

ముందు వాసన చూస్తాను, తర్వాతే పుండు.
వాసన లేని రోజు నేనేమీ అనను.
గున్నమ్మ వంటింట్లోంచే కనిపెట్టేస్తుంది,
ఆ రోజు గిన్నెల చప్పుడు వేరు.

ఏభై రెండేళ్ళు గుంట మగ్గంలో కాళ్ళు.
ఏ చెక్క తొక్కితే ఏ పోగు లేస్తుందో
కళ్ళకంటే ముందు పాదాలకి తెలిసేది.
ఆ పాదాలతోనే
కిందటి ఠాకురాణి జాత్రలో
తారు కరిగే ఎండలో చెప్పుల్లేకుండా ఊరంతా తిరిగి
ఇంటికొచ్చి, గచ్చు మీద మరకలు చూసి
"ఈ నెత్తురెవులది?" అని అడిగాడట.

పెద్దాసుపత్రి చీటీలో అంకెలున్నాయి.
తినకముందు, తిన్నాక, మూడు నెలల సగటు.
రాత్రి ఎన్నింటికి లేచి కూచుంటాడో లేదు.
మగ్గం అమ్మేసి గుంటలో ఇసక పోయించిన రోజు లేదు.
పక్కింటి కూర్మయ్యకి మోకాలిదాకా తీసేశాక
ఆ గుమ్మం వైపు ఈయన తల తిప్పడని లేదు.
అవి నా నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంటాను.
ఎవరూ అడగరు, అయినా.

నెలకోసారి పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి
పుండు అంచు పెన్నుతో గీస్తాను.
తాత దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుంటాడు,
పట్టుచీరలకి కుంభాలు దిద్దిన చూపుతో.
"ఈ అంచు నాను నేసింది కాదు.
ఇదిగో, ఇక్కడ వంకర."
చర్మం కూడా నేతే కదా తాతా, మెల్లగా కలుస్తుంది, అన్నాను.
నవ్వాడు.
"నేతైతే తెగిన పోగు సేతికి తగుల్తాది, ముడేస్తాను.
ఇది ఎప్పుడు తెగిందో
నాకే తెల్దు కదమ్మా."
ఆ తర్వాత పోలికలు మానేశాను.

చద్దన్నం దగ్గర పెద్ద గొడవ.
చోడి అంబలి తాగు, అన్నం గుప్పెడు తగ్గించు అంటే
"ఎవులి గుప్పెడు? ఆయనదా, నాదా?" అంది గున్నమ్మ.
కూర్మయ్యని భోజనానికి పిలవమన్నాను.
మూడు వారాలు పట్టింది.
కర్రల మీద వచ్చాడు, కూచున్నాడు,
పట్టునూలు ధర తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.
ఆ రాత్రి తాత తెల్లారిందాకా నిద్రపోయాడట.

ఒకరోజు సంచి సర్దుతుంటే గున్నమ్మ
"ఆ కాలికి రెండేళ్ళ నుంచి పేరంటం.
నా కాలు ఎవులు సూసినారు?"
హాస్యమే అనుకుని అద్దం కిందపెట్టాను.
ఎడమ మడమ పగులులో
విరిగిన పిన్నీసు ముక్క. ఎన్నాళ్ళదో.
నొప్పి లేదా అన్నాను.
"నొప్పుంటే సెప్పనా?"
ఆవిడకీ షుగరుందని ఆ పూటే తెలిసింది,
వేలి కొస నుంచి ఒక్క చుక్క.

ఈ ఏడు మళ్ళీ జాత్ర.
తాత పుండు ఇప్పుడు చింతగింజంత.
మానిందని నేను అనలేదు.
సెలవు పెట్టుకుని మరీ వెళ్ళాను.
అరుగు మీద బల్ల, బల్ల మీద దిండ్లు,
దిండ్ల మీద వరసగా
ఆయన కట్టు, ఆవిడ కట్టు, కూర్మయ్య సగం కాలు.

డప్పులు దగ్గరయ్యాయి. తాత లేచాడు.
"సెప్పులు!" అని అరిచింది గున్నమ్మ.
నేను తెచ్చినవి, మెత్తటి అడుగువి, నల్లవి.
"అమ్మోరి ముందు సెప్పులేటే?"
"అమ్మోరు మన ఈదికి పుట్టింటికని ఒస్తంది.
పుట్టింట్లో ఎవులి కాళ్ళు సూస్తాది?"

ఘటాలు వచ్చేశాయి. పసుపు, పొగ, జనం.
తొడుక్కున్నాడో లేదో
నాకు కనబడలేదు.

శుక్రవారం విప్పి చూడాలి.